ఆర్‌బీఐ బల్ల దగ్గర ప్రొఫెసర్లకు పనేంటి?

2024 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ద్రవ్య పరపతి విధాన కమిటీ సమావేశమైంది. మన ఈఎంఐలు పెరగాలో తగ్గాలో చాలావరకు తేల్చేది ఈ కమిటీయే. ఎంపీసీ అంటారు. రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు, అప్పటికి ఏడాదికి పైగా 6.5 శాతం దగ్గరే ఆగిపోయి ఉంది. ఆరుగురు సభ్యుల్లో నలుగురు అలాగే ఉంచుదామన్నారు. ఇద్దరు మాత్రం పావు శాతం తగ్గించాలని ఓటేశారు. ఆ ఇద్దరూ ప్రొఫెసర్లే. ఒకరు అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన జయంత్ వర్మ. రెండోవారు ముంబైలోని ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన అషిమా గోయల్. ఆ సంస్థను 1987లో స్థాపించింది రిజర్వ్ బ్యాంకే.

మన పెద్దవాళ్లయితే దీన్ని తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. విచిత్రమేమిటంటే, ఎంపీసీని ఏర్పాటు చేసిన చట్టం కోరుకున్నదే అది. వాసాలు లెక్కపెట్టే మనుషులు ముగ్గురు బయటినుంచి రావాలని, గవర్నర్‌కు ఉన్నట్టే వాళ్లకూ తలా ఒక ఓటు ఉండాలని.

ఇంతకీ ఆ రోజు ఎవరు రైటు? తేల్చడం అంత సులువు కాదు. అదే ఏడాది అక్టోబరులో కూరగాయల ధరలు మండిపోయి రిటైల్ ద్రవ్యోల్బణం 6.21 శాతానికి ఎగబాకింది. తొందరపడి రేటు తగ్గించి ఉంటే ఏమయ్యేదో చూశారా అని బ్యాంకు వైపు వాళ్లు అనగలిగారు. నవంబరు చివర్లో జీడీపీ లెక్కలొచ్చాయి. జులై-సెప్టెంబరు వృద్ధి 7 శాతం ఉంటుందని రిజర్వ్ బ్యాంకు అంచనా వేస్తే, వచ్చింది 5.4 శాతం. వడ్డీ భారం ఎక్కువైంది, వృద్ధి దెబ్బతింటుంది అని మేం మొత్తుకున్నది ఇదే కదా అని ప్రొఫెసర్లూ అనగలిగారు. రేట్ల కోత చివరికి 2025 ఫిబ్రవరిలో మొదలైంది.

వర్మ ఎప్పుడు చూసినా రేట్లు తగ్గించమనే బాపతు అనుకుంటే పొరపాటు. 2021 ఆగస్టులో, కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడానికి డబ్బు ఇంకా చౌకగానే ఉంచుతామని కమిటీ చెబుతుంటే, ఆ ధోరణికి వ్యతిరేకంగా ఓటేసింది ఆయనొక్కరే. ఎనిమిది నెలల తర్వాత, ఉక్రెయిన్ యుద్ధం కూడా తోడై, ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. 2022 మే 4న బ్యాంకు షెడ్యూల్‌లో లేని ప్రకటన చేసి మరీ రేటు పెంచాల్సి వచ్చింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు విభేదించిన సభ్యుడంటే లెక్కలు చూసి మాట్లాడుతున్నాడని నమ్మడానికి కొంత ఆధారం ఉన్నట్టే.

సలహా నుంచి ఓటు దాకా

కేంద్ర బ్యాంకుకు సొంత ఆర్థికవేత్తలు లేక బయటివాళ్లను పిలవడం లేదు. అమెరికా ఫెడరల్ రిజర్వ్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్లే వందల్లో ఉంటారు. మన రిజర్వ్ బ్యాంకుకూ ఆర్థిక, విధాన పరిశోధనకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. అయితే లోపలి పరిశోధకుడికి పైన బాస్ ఉంటాడు, వచ్చే నెల సమావేశానికి ఇవ్వాల్సిన నోట్ ఉంటుంది. పదేళ్ల కిందటి నిర్ణయం తప్పా ఒప్పా అని తీరిగ్గా తవ్వే వెసులుబాటు తక్కువ. యూనివర్సిటీ మనిషికి ఆ తీరిక ఉంది, ఉద్యోగ భయం లేదు. కానీ అతని దగ్గర డేటా లేదు. ఏ బ్యాంకు ఎవరికి ఎంతకు అప్పిచ్చిందో, ఏ జిల్లాకు ఎన్ని నోట్లు వెళ్లాయో బ్యాంకు గోడల లోపలే ఉంటుంది. ఒకరి దగ్గర సమాచారం, ఇంకొకరి దగ్గర స్వేచ్ఛ. ఈ రెండింటి మధ్య బేరమే ఈ సహకారమంతా.

మన దేశంలో ఈ బేరం మెల్లగా ముదిరింది. 2016కు ముందు వడ్డీ రేటు నిర్ణయం పూర్తిగా గవర్నర్‌దే. వై.వి. రెడ్డి గవర్నర్‌గా ఉండగా 2005లో ఒక సాంకేతిక సలహా కమిటీ వేశారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్‌గా పనిచేసిన మనిషి ఆయన. బయటి నిపుణులు వచ్చి అభిప్రాయం చెప్పేవారు, గవర్నర్ వినేవారు, నచ్చింది చేసేవారు. దువ్వూరి సుబ్బారావు హయాంలో, 2011 నుంచి, ఆ సమావేశాల మినిట్స్, అంటే ఏం చర్చించారో రాసిన రికార్డులు, బయటపెట్టడం మొదలైంది. సుబ్బారావు కూడా ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసినవారే. మినిట్స్ బయటికి రావడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, సలహా కమిటీలో ఎక్కువమంది ఒకటి చెబితే గవర్నర్ ఇంకొకటి చేశారా అన్నది అప్పటినుంచి అందరికీ తెలిసిపోతూ వచ్చింది.

2013 సెప్టెంబరులో షికాగో ప్రొఫెసర్ రఘురామ్ రాజన్ గవర్నర్ అయ్యారు. వచ్చీ రాగానే అప్పటి డిప్యూటీ గవర్నర్ ఉర్జిత్ పటేల్ నేతృత్వంలో ఒక నిపుణుల కమిటీ వేశారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి చేతన్ ఘాటే, అమెరికాలోని విలియమ్స్ కాలేజీ నుంచి పీటర్ మాంటియెల్ అందులో ఉన్నారు. 2014 జనవరిలో నివేదిక వచ్చింది. టోకు ధరల సూచీని పక్కనపెట్టి, మామూలు కుటుంబం బజారులో చెల్లించే ధరలను కొలిచే వినియోగదారుల ధరల సూచీని లక్ష్యంగా పెట్టుకోమంది. 4 శాతం, దానికి అటూ ఇటూ 2 శాతం. నిర్ణయాన్ని ఒక కమిటీ ఓటుతో తీసుకోవాలని చెప్పింది. 2016లో ఇవన్నీ చట్టంలోకి ఎక్కాయి. మొదటి ముగ్గురు బయటి సభ్యులు ఘాటే, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ పమీ దువా, అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్ రవీంద్ర ధోలాకియా. ముగ్గురూ క్లాస్‌రూమ్ మనుషులే.

ప్రొఫెసర్లంటే ప్రభుత్వం చెప్పినట్టు వింటారన్న అనుమానం అప్పట్లో కొందరికి ఉండేది, వాళ్లను నియమించేది కేంద్ర ప్రభుత్వమే కాబట్టి. 2017 జూన్‌లో దానికి ఒక పరీక్ష వచ్చింది. ఎంపీసీ సమావేశానికి ముందు వచ్చి మాట్లాడమని ఆర్థిక శాఖ సభ్యులను పిలిచింది. ఆ అభ్యర్థనను సభ్యులందరూ తిరస్కరించారని గవర్నర్ ఉర్జిత్ పటేలే విలేకరులకు చెప్పారు. తమాషా ఏమిటంటే, అదే సమావేశంలో రేటును అర శాతం తగ్గించాలని ధోలాకియా ఓటేశారు. ప్రభుత్వానికి నచ్చే మాటే అది. కానీ ప్రభుత్వం ఇంటికెళ్లి చెప్పిన మాట కాదు, మినిట్స్‌లో కారణాలతో రాసిన మాట. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

నియామకాల విషయంలో మాత్రం మనవాళ్లకు శ్రద్ధ చాలదు. ఈ సభ్యుల పదవీకాలం నాలుగేళ్లు, రెండోసారి అవకాశం లేదు. ఎప్పుడు ఖాళీ అవుతుందో నాలుగేళ్ల ముందే తెలుసు. అయినా 2020లో కొత్తవాళ్ల పేర్లు సమయానికి రాక సమావేశాన్నే ఓ వారం వాయిదా వేశారు. 2024లో అక్టోబరు 1న పేర్లు ప్రకటించారు, 7న సమావేశం మొదలైంది. అంత తక్కువ వ్యవధిలో దేశ ఆర్థిక వ్యవస్థ మీద ఓటు వేయమనడం ఎంతవరకు సబబు?

ఆలోచన ఎటునుంచి ఎటు నడుస్తుంది

యూనివర్సిటీలో సిద్ధాంతం పుడుతుంది, కేంద్ర బ్యాంకు దాన్ని అమలు చేస్తుంది అని చాలామంది అనుకుంటారు. చరిత్ర అంత తిన్నగా నడవలేదు.

ఆర్థిక వ్యవస్థలో డబ్బు ఎంత వేగంగా పెరుగుతోందో చూసుకుంటే ధరలు అదుపులో ఉంటాయన్న వాదనకు 1970లలో షికాగో ప్రొఫెసర్ మిల్టన్ ఫ్రీడ్‌మన్ వల్ల మంచి ఊపు వచ్చింది. ఇక్కడ కూడా ఢిల్లీ స్కూల్ ప్రొఫెసర్ సుఖమయ్ చక్రవర్తి నాయకత్వంలో ఒక కమిటీ 1985లో అలాంటి పద్ధతినే సిఫారసు చేసింది. అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పి రిజర్వ్ బ్యాంకుకు వచ్చిన సి. రంగరాజన్ అందులో సభ్యులు. ఆ తర్వాత ఆయన ఆర్‌బీఐ గవర్నర్‌గా, అటు తర్వాత 1997 నుంచి 2003 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు కాబట్టి మనకు బాగా తెలిసిన పేరే. పదేళ్లకు పైగా డబ్బు సరఫరా పెరుగుదలే మన బ్యాంకుకు కొలబద్ద. 90లలో విదేశీ పెట్టుబడులు వచ్చిపడి, బ్యాంకింగ్ తీరు మారిపోయి, ఆ కొలతకూ ధరలకూ ఉన్న ముడి వదులైంది. 1998లో దాన్ని పక్కనపెట్టి, చాలా సూచికలను కలిపి చూసే పద్ధతికి మారారు.

ఈ ముడి ఊడిపోతుందని ముందే హెచ్చరించిన మనిషి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ లోపల పనిచేసిన ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్. రెండు అంకెల మధ్య ఎంత గట్టి సంబంధం కనిపించినా, దాన్ని పట్టుకుని పెత్తనం చేయబోతే ఆ సంబంధమే చెడిపోతుందని 1975లో ఆయన రాశారు. ఇప్పుడు దాన్ని గుడ్‌హార్ట్ సూత్రం అని విద్య, వైద్యం, పోలీసు లెక్కల్లో కూడా వాడుతున్నారు. ఆయన తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్ అయ్యారు, 1997లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కమిటీ పెట్టినప్పుడు తిరిగి సభ్యుడిగా లోపలికొచ్చారు. ఆయన్ను ఏ వైపు మనిషి అనాలో చెప్పడం కష్టం.

ద్రవ్యోల్బణ లక్ష్యం కథ మరీ తలకిందులు. దీన్ని మొదట చట్టంలో పెట్టింది న్యూజిలాండ్, 1989లో. దానికి ముందు ఏడాది ఆర్థిక మంత్రి రోజర్ డగ్లస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో ద్రవ్యోల్బణాన్ని సున్నా నుంచి ఒక శాతం దాకా తెస్తామన్న అర్థంలో ఒక మాట అన్నారు. దాని చుట్టూ కసరత్తు చేసి అధికారులు లక్ష్యం ఖరారు చేశారు. ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో వివరించే పేరున్న సిద్ధాంత పత్రాలు ఆ తర్వాతే వచ్చాయి. ముందు వంట, తర్వాత రెసిపీ! ప్రపంచమంతా పవిత్రంగా చూసే 2 శాతం అంకె వెనక అంత గట్టి సిద్ధాంతమేదీ లేదని తెలిస్తే, మన 4 శాతం గురించి జరిగే చర్చలను కూడా కాస్త తాపీగా వినొచ్చు. ఆహార పదార్థాలను లక్ష్యం నుంచి తీసేయాలా అని 2024 ఆర్థిక సర్వే అడిగింది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న అప్పటి సూచీలో ఆహార, పానీయాల వాటా దాదాపు 46 శాతం ఉండేది. టమాట ధరను రెపో రేటు తగ్గించలేదు, నిజమే. కానీ సగం సంసారాన్ని లెక్కలోంచి తీసేసి ధరలు అదుపులో ఉన్నాయని ప్రకటిస్తే జనం నమ్మాలిగా.

నోట్ల రద్దు నిజంగా ఎంత ముంచింది?

లోపలివాళ్లు, బయటివాళ్లు కలిస్తే ఏం సాధించొచ్చో చూపడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ పెద్ద నోట్ల రద్దు మీద వచ్చిన ఒక అధ్యయనం. 2016 నవంబరు 8 రాత్రి చలామణిలో ఉన్న నగదులో 86 శాతం చెల్లకుండా పోయింది. దానివల్ల ఎంత నష్టం? జీడీపీ లెక్కల్లో పెద్దగా ఏమీ కనిపించలేదు. అసంఘటిత రంగాన్ని త్రైమాసిక లెక్కలు నేరుగా కొలవవు, నగదు మీద బతికేది ఆ రంగమే. పైగా దేశమంతటా ఒకేసారి జరిగిన సంఘటన. నోట్ల రద్దు జరగని ఇంకో భారతదేశం లేదు, పక్కన పెట్టి పోల్చడానికి.

హార్వర్డ్ నుంచి గేబ్రియల్ షోడొరో-రైక్, గీతా గోపీనాథ్, రిజర్వ్ బ్యాంకులో పనిచేసిన ప్రాచీ మిశ్రా, అభినవ్ నారాయణన్ కలిసి దీనికి ఒక దారి కనిపెట్టారు. పాత నోట్లు అన్ని జిల్లాల్లో ఒకే రాత్రి పోయాయి గానీ, కొత్త నోట్లు అన్ని జిల్లాలకూ ఒకేలా చేరలేదు. ప్రింటింగ్ చాలక, హడావుడిలో, కొన్ని జిల్లాలకు ముందు, కొన్నింటికి ఆలస్యంగా వెళ్లాయి. ఏ జిల్లా కరెన్సీ చెస్ట్‌కు, అంటే రిజర్వ్ బ్యాంకు నోట్లు దాచే ఖజానాకు, ఎప్పుడు ఎంత చేరిందో రిజర్వ్ బ్యాంకు రికార్డుల్లో ఉంది. ఇక చేయాల్సింది నోట్లు త్వరగా అందిన జిల్లాలనూ, అందక అల్లాడిన జిల్లాలనూ పక్కపక్కన పెట్టి చూడటం. రాత్రిపూట ఉపగ్రహానికి కనిపించే దీపాల వెలుగు, ఉద్యోగాలు, బ్యాంకు అప్పులు, డిజిటల్ చెల్లింపులు అన్నీ చూశారు. నగదు తక్కువ చేరిన చోట వెలుగు, ఉపాధి, అప్పులు తగ్గాయి, డిజిటల్ చెల్లింపులు పెరిగాయి. జిల్లాల తేడాల నుంచి దేశం మొత్తానికి లెక్కగడితే 2016 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలో ఆర్థిక కార్యకలాపాల వృద్ధి కనీసం 2 శాతం పాయింట్లు పడిపోయిందని తేల్చారు. తర్వాతి నెలల్లో దెబ్బ క్రమంగా మానిందని కూడా చెప్పారు. విమర్శకులకు నచ్చే సగం, ప్రభుత్వానికి నచ్చే సగం రెండూ అందులోనే ఉన్నాయి.

చెస్ట్ రికార్డులు లేకుండా ఈ పత్రం లేదు. ఆ రికార్డుల్లో ఏం వెతకాలో తెలిసిన బయటి కళ్లు లేకపోయినా లేదు. 2018 చివర్లో ముసాయిదాగా వచ్చి, 2020లో పేరున్న పత్రికలో అచ్చయింది. అంటే నిర్ణయం జరిగిన రెండేళ్లకు గానీ మనకు నష్టం కొలత తెలియలేదు.

నిర్ణయానికి ముందు జ్ఞానం లేదా అంటే, కొంత ఉంది. నోట్ల రద్దు ప్రకటించిన రోజు సాయంత్రం జరిగిన రిజర్వ్ బ్యాంకు బోర్డు సమావేశం మినిట్స్ 2019లో సమాచార హక్కు దరఖాస్తు ద్వారా బయటికొచ్చాయి. నల్లధనం ఎక్కువగా నగదులో కాక భూములు, బంగారం రూపంలో ఉంటుందని డైరెక్టర్లు అందులో గుర్తుచేశారు. నోట్ల పెరుగుదలను ఆర్థిక వృద్ధితో పోల్చిన ప్రభుత్వ లెక్కలో ద్రవ్యోల్బణాన్ని తీసేయలేదని కూడా ఎత్తిచూపారు. అది ఎంఏ మొదటి ఏడాది విద్యార్థి పట్టుకునే తప్పు. ఎత్తిచూపి, ఆమోదించారు.

ఇలాంటి పరిశోధనకు మన నేల కూడా ముడిసరుకు అయింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చాక వసూళ్లు ఆగిపోయి ఆ కంపెనీలు కుదేలయ్యాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌ను వదిలేసి, ఇక్కడి నష్టాలు తగిలిన కంపెనీలు వేరే రాష్ట్రాల్లో అప్పులివ్వడం ఆపేస్తే అక్కడి జిల్లాల్లో ఏమైందో చూశారు. రోజు కూలీ పడిపోయింది, కుటుంబాల ఖర్చు తగ్గింది. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలిందన్నమాట. అంతకుముందే హైదరాబాద్ బస్తీల్లో జరిగిన మరో పెద్ద అధ్యయనం మాత్రం, మైక్రోఫైనాన్స్ వల్ల కుటుంబాల బతుకులు మారిపోతాయన్న ప్రచారానికి ఆధారం దొరకలేదని చెప్పింది. రెండూ నిజం కావచ్చు. వచ్చినప్పుడు అద్భుతాలు చేయని అప్పు, ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం హాని చేయగలదు.

అన్నం పెట్టిన చెయ్యి

ఇక అనుమానాల సంగతి. పరిశోధనకు డబ్బు, డేటా, ఉద్యోగం ఒకే చోటినుంచి వస్తే ఫలితాలు వంగవా? 2021లో నలుగురు పరిశోధకులు దీన్నే కొలిచారు. వాళ్లలో ఇద్దరు కేంద్ర బ్యాంకుల్లో పనిచేసేవాళ్లే కావడం విశేషం. 2008 సంక్షోభం తర్వాత కేంద్ర బ్యాంకులు కొత్తగా డబ్బు సృష్టించి బాండ్లు కొన్న కార్యక్రమం ఎంత పనిచేసిందన్న విషయం మీద 54 అధ్యయనాలు తీసుకున్నారు. కేంద్ర బ్యాంకు ఉద్యోగులు రాసిన పత్రాల్లో ఆ కార్యక్రమం ప్రభావం యూనివర్సిటీ వాళ్లు రాసిన వాటిలో కంటే పెద్దదిగా కనిపించింది. రాసిన భాష కూడా మరింత మెచ్చుకోలుగా ఉంది. అనుకూల ఫలితాలు చూపిన ఉద్యోగులకు తర్వాత పదోన్నతులు మెరుగ్గా వచ్చాయి. దీన్ని బట్టి వాళ్లు అబద్ధాలు రాశారని అనలేం. తమ సంస్థ పరికరాలు వాళ్లకు బాగా తెలిసి ఉండొచ్చు కూడా. అయినా పత్రం చదివేటప్పుడు రాసినవారి ఉద్యోగం ఎక్కడో చూడటం మంచి అలవాటు.

మన దగ్గర దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బులెటిన్‌లో వచ్చిన ఒక వ్యాసం, ప్రభుత్వ బ్యాంకులను ఒక్కసారిగా ప్రైవేటుపరం చేస్తే మేలు కంటే కీడు ఎక్కువని రాసింది. అది ప్రభుత్వ ధోరణికి అడ్డంగా ఉండటంతో పత్రికల్లో పెద్ద వార్త అయింది. మరునాడో ఆ మరునాడో బ్యాంకు ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి, అవి రచయితల అభిప్రాయాలే, మావి కావని చెప్పింది. ఆ మాట అప్పటికే వ్యాసంలో ఉంది! అంత టెన్షన్ ఎందుకో తెలియదు గానీ, లోపల కూర్చుని రాసే యువ పరిశోధకులకు దాన్నుంచి ఏ సందేశం అందిందో ఊహించొచ్చు.

పిలిచి మాట్లాడించినంత మాత్రాన విన్నట్టు కాదు. 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో, ఫెడ్ ఛైర్మన్ గ్రీన్‌స్పాన్ వీడ్కోలు వాతావరణంలో జరిగిన సదస్సులో, ఆర్థిక రంగంలో వచ్చిన కొత్త పోకడలు ప్రమాదాన్ని పెంచుతున్నాయని రఘురామ్ రాజన్ పత్రం చదివారు. అమెరికా మాజీ ఆర్థిక మంత్రి లారెన్స్ సమ్మర్స్ లాంటివాళ్లు ఆయన్ను యంత్రాలంటే భయపడే పాతకాలపు మనిషిలా చూశారు. మూడేళ్లకు, 2008 సంక్షోభంలో, అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది.

ఈ విషయంలో ఈమధ్య నాకు నచ్చిన పని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చేసింది. 2022లో బ్రిటన్ ద్రవ్యోల్బణం 11 శాతం దాటింది, బ్యాంకు అంచనాలు ఘోరంగా తప్పాయి. 2023లో వాళ్లు మాజీ ఫెడ్ ఛైర్మన్, అంతకుముందు ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్, నోబెల్ గ్రహీత బెన్ బెర్నాంకీని పిలిచి మా అంచనాల పద్ధతి మొత్తం తనిఖీ చేయమన్నారు. 2024 ఏప్రిల్‌లో ఆయన 12 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. అందులో కొన్ని ముఖం మీద కొట్టినట్టే ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ బాగా పాతబడింది, దశాబ్దాలుగా మీ గుర్తుగా నిలిచిన విసనకర్ర ఆకారపు చార్టులు ఇక మానేయండి అని రాశారు. బ్యాంకు దాన్ని యథాతథంగా ప్రచురించింది.

అదే 2022లో మన ద్రవ్యోల్బణం కూడా వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటింది. చట్టం ప్రకారం అది వైఫల్యం. ఎందుకు విఫలమయ్యామో, ఎప్పటికి అదుపులోకి తెస్తామో ప్రభుత్వానికి రిజర్వ్ బ్యాంకు లేఖ రాయాలి. నవంబరు 3న ఎంపీసీ ప్రత్యేకంగా కూర్చుంది, లేఖ వెళ్లింది. దాన్ని బయటపెట్టే అధికారం తనకు లేదని అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ అన్నారు. బయటపెట్టాలని చట్టంలో లేదని ప్రభుత్వం అంది. బ్రిటన్‌లో లక్ష్యానికి ఒక శాతం అటూ ఇటూ అయితే చాలు, గవర్నర్ ఆర్థిక మంత్రికి రాసే లేఖ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరైనా చదివి తప్పుపట్టొచ్చు. మన ఎంపీసీలో ప్రొఫెసర్లు వేసిన ఓట్లకు కారణాలు పద్నాలుగో రోజుకల్లా మినిట్స్‌లో దొరుకుతాయి. సంస్థ మొత్తంగా తన వైఫల్యానికి రాసుకున్న కారణాలు మాత్రం, వాటిని పరీక్షించగల పరిశోధకులకు అందకుండా ఫైల్లోకి వెళ్లాయి.